ఆల్డస్ మనూషియస్: చదువరికి విరామము నొసగిన ముద్రాపకుడు

వ్యాసరచన పుస్తకములు దిద్దునప్పుడు మాకు తరచుగా కానవచ్చు లోపమొకటి కలదు. విద్యార్థి చక్కని భావమునే వ్రాయును. అక్షరములును గుండ్రముగానే యుండును. కాని వాక్యము ముగిసినచోట చుక్క పెట్టుట మరచును. పెట్టినను, ఆ చుక్కను ఆనుకొనియే మరియొక వాక్యమును మొదలిడును. చదువువానికి ఊపిరి తిరుగదు. మేము అచ్చట ఎర్రసిరాతో గీత గీసినచో, ఏమియు వ్రాయని చోటునకు గూడ తప్పు పట్టుదురా యని పిల్లలు చిన్నబుచ్చుకొందురు.

వారి సందేహము న్యాయమైనదే. దానికి సమాధానముగా ఈ సంచికలో ఒక మహనీయుని జీవితమును చెప్పదలచితిమి. ఆయన రాజు కాడు, యోధుడు కాడు. ఐదువందల యేండ్లకు పూర్వము ఇటలీ దేశమునందలి వెనిస్ నగరములో అచ్చుకూటము నడపిన బడిపంతులు. పేరు ఆల్డస్ మనూషియస్. తమ దేశమును గోల్పోయి పరాయి నగరమున తలదాచుకొన్న ఒక జాతివారి భాషను నశింపకుండ నిలుపుటకు ఆయన తన శేషజీవితమును ధారపోసెను. స్వరాష్ట్రమునకు వెలుపల తెలుగు చదువుచున్న మన పిల్లలకును, చదివించుచున్న తల్లిదండ్రులకును ఈ కథ దగ్గరిదిగా తోచునని మా నమ్మకము.

ఎడము లేని వ్రాత

ప్రాచీన గ్రీకులును, పిదపికాలపు రోమనులును పదమునకును పదమునకును నడుమ ఎడము విడువక వ్రాసెడివారు. పంక్తి మొదలు చివరివరకు అక్షరములు చీమలబారువలె సాగిపోయెడివి. చదువరి బిగ్గరగా పలికి, తన చెవితో తానే విని, పదమెచ్చట తెగునో, వాక్యమెచ్చట ముగియునో నిర్ణయించుకొనవలసి యుండెను. మన పూర్వుల తాళపత్రములును ఇట్టివే. తాటియాకుపై గంటముతో వ్రాసిన తెలుగు ప్రతులలో పదములు ఒకదానినొకటి అంటిపెట్టుకొని యుండును. భాష కరతలామలకమైన పండితునకు అది కష్టముగా తోచలేదు. క్రొత్తగా నేర్చుకొనువానికి మాత్రము అది అడవిలో దారి వెదకుకొనుటయే.

క్రీ. పూ. 200 ప్రాంతమున అలెగ్జాండ్రియా గ్రంథాలయమునకు అధిపతియైన అరిస్టోఫనీస్ అను పండితుడు ఈ కష్టమును గుర్తించెను. నాటకకర్తయగు అరిస్టోఫనీస్ వేరు, ఈయన వేరు. పంక్తికి అడుగున, నడుమ, పైన ఒక్కొక్క చుక్క నుంచి, మూడు విధములగు విరామములను సూచించు పద్ధతిని ఆయన కల్పించెను. అది ఎల్లెడల వ్యాపింపలేదు.

పదముల నడుమ చోటు విడుచు ఆచారము క్రీ. శ. 7, 8 శతాబ్దులలో ఐర్లండు దేశపు సన్న్యాసుల చేతులలో స్థిరపడెను. దీనికి కారణము గమనింపదగినది. వారు వ్రాయుచున్నది లాటిను. అది వారి తల్లిభాష కాదు. పుస్తకముల వలన నేర్చుకొన్న భాష. పదములను చెవితో విడదీయలేనివారు గనుక కంటికి కనబడునట్లు విడదీసికొనిరి. భాషను కష్టపడి నేర్చుకొన్నవారే ఆ భాష చదువుటకు సులువైన దారి వేసిరన్నమాట.

ఆ పిదప జర్మనీ దేశమున మెయింజ్ నగరములో గూటెన్‌బర్గు అచ్చక్షరములతో బైబిలును ముద్రించెను. అది 1455 నాటికి ముగిసెను. అచ్చు వచ్చినతోడనే ఖాళీచోటు స్వభావము మారిపోయెను. చేతివ్రాతలో ఖాళీ యనగా కలము ఎత్తిపట్టుట మాత్రమే. అచ్చులో ఖాళీ యనగా ఒక లోహపు ముక్క. అక్షరముల కంటె పొట్టిదగుటచే దానికి సిరా అంటదు, కాగితముపై గుర్తు పడదు. అక్షరములను కూర్చు కంపోజిటరు ఆ ముక్కలను గూడ చేతితో ఏరి, పదమునకును పదమునకును నడుమ నిలుపవలెను. పంక్తుల రెండు అంచులును సమముగా నుండుటకు సన్నని ముక్కలను, మందపు ముక్కలను ఎంచి సర్దవలెను. ఏమియు లేదని మనకు తోచు తెల్లని చోటు కూడ ఒకని చేతిపనియే.

బాల్యము, విద్య

ఆల్డస్ రోము నగరమునకు దక్షిణముననున్న బస్సియానో అను చిన్న గ్రామమున 1450 ప్రాంతమున జన్మించెను. రోములో లాటిను చదివెను. పిదప ఫెర్రారా నగరమున బత్తిస్తా గ్వారినో అను ఆచార్యుని యొద్ద గ్రీకు నేర్చెను. పికో దెల్లా మిరందొలా అను ప్రసిద్ధ పండితుడు ఆయనకు మిత్రుడాయెను. పికో సోదరి కార్పి సంస్థానపు రాణి. ఆమె కుమారులగు అల్బెర్తో, లియొనెల్లో అను బాలురకు ఆల్డస్ ఉపాధ్యాయుడుగా నియమింపబడెను.

ఆయన కార్పిలో పిల్లలకు చదువు చెప్పుచు కొన్ని యేండ్లు గడపెను. రాజకుమారులు ఆయనను ప్రేమించిరి; జీవనమునకు లోటు లేకుండెను. కాని పాఠము చెప్పునప్పుడెల్ల ఆయనకు ఒక కొరత కానవచ్చుచుండెను. పిల్లల చేతికీయ దగిన గ్రీకు పుస్తకములు లేవు. ఉన్న వ్రాతప్రతులు కొద్ది. అవి తప్పుల తడకలు. ధనికుల పెట్టెలలో భద్రముగా దాగియుండునవి. గురువు ఎంత శ్రమించినను, పుస్తకము లేని బడి ఎంతకాలము నిలుచును? ఈ ప్రశ్నయే ఆయనను పంతులుద్యోగమునుండి అచ్చుకూటమునకు నడపెను. అప్పటికాయనకు నలువది యేండ్లు.

వెనిస్ నగరము, ప్రవాసులగు గ్రీకులు

1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపిలును జయించిరి. వేయి సంవత్సరములకు పైగా గ్రీకు విద్యకు నిలయమైన రాజధాని కూలిపోయెను. పండితులు, లేఖకులు, వర్తకులు చేతికందిన వ్రాతప్రతులతో పడమటికి తరలివచ్చిరి. వారిలో పెక్కురు వెనిస్ చేరిరి. క్రీటు ద్వీపము వెనిస్ పాలనలోనే యుండుటచే అచ్చటి గ్రీకులును వచ్చుచుండిరి. 1498లో ఆ నగరపు గ్రీకులు తమకొక సంఘమును స్థాపించుకొనుటకు ప్రభుత్వమువలన అనుమతి పొందిరి. గ్రీకు వంశీయుడగు బెస్సారియన్ అను మతాచార్యుడు తన వ్రాతప్రతుల భాండాగారమును 1468లోనే ఆ నగరమునకు దానము చేసియుండెను. దానము గొప్పదే గాని ఆ గ్రంథములు చాలకాలము పెట్టెలలోనే మూలుగుచుండెను.

ఆల్డస్ 1490 ప్రాంతమున ఈ నగరమునకు వచ్చెను. చేత ధనము లేదు. అచ్చుపనిలో ఆరితేరిన అంద్రేయా తొర్రెసానియు, నగరపాలకుల కుటుంబమునకు చెందిన బార్బరీగోయు ఆయనతో భాగస్వాములైరి. పూర్వశిష్యుడగు అల్బెర్తో కూడ ధనసాహాయ్యము చేసెను. బొలోన్యాకు చెందిన ఫ్రాంచెస్కో గ్రిఫో అను నేర్పరి ఉక్కుపై అక్షరములను చెక్కెను.

1495లో లాస్కరిస్ అను ప్రవాసి రచించిన గ్రీకు వ్యాకరణము ఆ అచ్చుకూటము నుండి వెలువడెను. తేదీ వేసి ఆల్డస్ ప్రచురించిన మొదటి పుస్తకము ఇదియే. భాషను నిలుపగోరువాడు మొట్టమొదట పిల్లల వ్యాకరణమును అచ్చువేయుట మాకెంతయు ఉచితముగా తోచుచున్నది. ఆ సంవత్సరమే అరిస్టాటిలు గ్రంథములు మొదలై, 1498 నాటికి అయిదు పెద్ద సంపుటములుగా ముగిసెను. పిదప సోఫోక్లీసు, హెరొడోటసు, థుసిడిడీసు 1502లోను, డెమోస్థనీసు 1504లోను, ప్లేటో 1513లోను గ్రీకుమూలములో మొదటిసారిగా అచ్చయ్యెను. ఒక గ్రంథము పదియో ఇరువదియో వ్రాతప్రతులలో మాత్రమే యున్నంతకాలము నిప్పో, నీరో, చెదయో చాలును దానిని రూపుమాపుటకు. వందల ప్రతులుగా అచ్చయి పలుదేశములకు వ్యాపించిన పిదప దానికి మృత్యుభయము లేదు.

విరామచిహ్నములు

1496లో ఆల్డస్ ఒక చిన్న లాటిను పుస్తకమును అచ్చువేసెను. పియెత్రో బెంబో అను యువకవి ఎట్నా అగ్నిపర్వతమును ఎక్కివచ్చిన వృత్తాంతము అది. పుటలు స్వల్పము. కాని అక్షరముల చరిత్ర తెలిసినవారందరును ఈ పుస్తకమును ఆదరముతో చూతురు. గ్రిఫో చెక్కిన దీనిలోని అక్షరములు తరువాతి శతాబ్దములలో యూరోపు అచ్చక్షరములకు ఒరవడియాయెను. చుక్క క్రింద కామా నుంచిన అర్ధవిరామము అచ్చులో మొదటిసారి కానవచ్చినదియు ఇందులోనే. పంక్తికి అడుగున కొక్కెమువలె వంగిన కామా రూపమునకు గూడ ఆల్డస్ అచ్చుకూటమే ప్రచారము కల్పించెను. అంతకు పూర్వము దానికి బదులుగా పెక్కుచోట్ల ఏటవాలు గీతను వాడెడివారు.

ఆల్డస్ పూర్ణవిరామమును సృష్టింపలేదు. పదముల నడుమ ఎడమును కనిపెట్టినదియు ఆయన కాదు. పూర్వులు తలకొక తీరుగా వాడుచున్న గుర్తులను ఏరి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పనిని అప్పగించి, పుస్తకము వెంట పుస్తకములో నియమముగా వాడి చూపుటయే ఆయన ఘనత. కొద్దిగా ఆగవలసినచోట కామా. ఇంకొంచెము ఆగవలసినచోట అర్ధవిరామము. భావము ముగిసినచోట చుక్క, దాని వెనుక తెల్లని చోటు. ఉపాధ్యాయుడు పాఠమును చదివి వినిపించునప్పుడు గొంతుతో చేయు పనిని ఆయన సీసపు ముక్కలచేత చేయించెను. గురువు దగ్గర లేనివాడు సయితము గురువు చదివినట్లే చదువుకొనుటకు వీలు గలిగెను.

చేతిలో నిముడు పుస్తకములు

అంతవరకు గ్రంథము లనగా బల్లపైనుంచి చదువవలసిన బరువైన సంపుటములే ఎక్కువ. 1501లో ఆల్డస్ వర్జిల్ మహాకవి కావ్యములను, కాగితపు తావును ఎనిమిది ఆకులుగా మడచిన చిన్న పరిమాణమున ప్రచురించెను. చేతిలో పట్టుకొని నడచుచు చదువవచ్చును. ప్రయాణమున వెంట తీసికొనిపోవచ్చును. చోటు కలిసివచ్చునట్లు గ్రిఫో వాలు అక్షరములను చెక్కెను. నేడు మనము ఇటాలిక్ అనునవి ఇవియే. ఈ పుస్తకములో ప్రతి పాదమునకు మొదటి అక్షరము నిలువుగా నుండి, మిగిలిన అక్షరములకు కొంచెము ఎడముగా నిలిచియుండును. పుట తెరచినతోడనే పాదములన్నియు ఎచ్చట మొదలగుచున్నవో కంటికి తెలియును. ఆ చిన్న ఎడము శోభకొరకు మాత్రమే కాదు. చదువరికి దారి చూపుటకు.

ఆ పుస్తకమున గ్రిఫో నేర్పును ఆల్డస్ పద్యరూపమున కొనియాడెను. అయినను ఆ స్నేహము నిలువలేదు. వాలు అక్షరములపై వెనిస్ ప్రభుత్వమిచ్చిన హక్కు ఆల్డస్ పేరనే యుండుటచే, చెక్కిన గ్రిఫోకు ఆ నగరమున వాటిని ఇతరులకు అమ్ముకొను వీలు లేకపోయెను. ఆతడు వెనిస్ విడిచి వేరొక ముద్రాపకుని కడకు పోయెను. మహనీయుల జీవితములందును ఇట్టి నీడలుండును. వాటిని దాచుట జీవితకథకు ధర్మము గాదు.

చిన్న పుస్తకములకు గిరాకి పెరుగగానే దొంగప్రతులు బయలుదేరెను. ఫ్రాన్సు దేశపు లియోను నగరములోని ముద్రాపకులు ఆల్డస్ పుస్తకములను అచ్చముగా అనుకరించి అమ్మసాగిరి. 1503 మార్చి నెలలో ఆల్డస్ ఒక హెచ్చరికను అచ్చువేసి పంచిపెట్టెను. దొంగప్రతులలో కాగితము నాసిరకమనియు, దుర్వాసన గలదనియు, తన పుస్తకములలో చేతివ్రాతవలె కలసియుండు అక్షరములు వాటిలో విడివిడిగా నున్నవనియు ఆయన వివరించెను. అసలుదానిని నకిలీనుండి వేరుచేయుటకు అక్షరముల నడుమ ఎడమే గుర్తాయెను. వాటిలోని అచ్చుతప్పులను గూడ ఆయన ఒక్కొక్కటిగా ఎత్తిచూపెను. లియోను ముద్రాపకులు ఏమి చేసిరనుకొందురు? ఆ పట్టికను చూచుకొని తమ తప్పులు దిద్దుకొని, మరింత చక్కగా దొంగప్రతులు వేసిరి!

ఆయన పుస్తకములపై 1502 నుండి ఒక ముద్ర కానవచ్చును. ఓడను నిలుపు లంగరు, దానికి చుట్టుకొన్న డాల్ఫిన్. ప్రాచీన రోమను నాణెమొకటి ఈ ముద్రకు మూలము. దానిని ఆయనకిచ్చినది బెంబో. డాల్ఫిన్ వేగమునకు, లంగరు నిలుకడకు గుర్తులు. పనిని త్వరితముగా చేయవలెను, కాని తొందరపడరాదని దాని భావము. ఆల్డస్ ముద్రించిన పుటకును ఇదియే వర్ణన కాదగును. పదములు ముందుకు నడపును, విరామములు నిలుపును.

గ్రీకు మాటలాడు గోష్ఠి

ఆల్డస్ ఇంటను, అచ్చుకూటమునను గ్రీకు పండితులు సదా కూడియుండిరి. క్రీటు ద్వీపవాసియగు మార్కస్ ముసూరస్ వారిలో ముఖ్యుడు. ప్రతులను సరిపోల్చుట, పాఠములను నిర్ణయించుట, ప్రూఫులు దిద్దుట వీరి పని. 1502 ప్రాంతమున ఆల్డస్ వీరితో ఒక విద్వద్గోష్ఠిని ఏర్పరచి, దానికి నియమావళిని గ్రీకులోనే అచ్చువేయించెను. అందు మొదటి నియమము, సమావేశములందు గ్రీకు తప్ప వేరొక భాష మాటలాడరాదనునది. ఎవరైన మరచి మరియొక భాషలో పలికినచో చిన్న జరిమానా చెల్లింపవలెను. ఆ సొమ్ము కూడబెట్టి, తగినంత యైన పిదప అందరును కలసి విందు చేసికొనవలెను.

ఈ నియమమును మేము పలుమారు తలచుకొందుము. వెనిస్ వీధులలో మాటలాడునది ఇటాలియను; కొలువులలోను, విద్యాలయములలోను లాటిను. గ్రీకు వినవచ్చునది వలసవచ్చిన కొన్ని కుటుంబములందే. అట్టిచోట ఒక భాష బ్రతుకవలెనన్న రెండు కావలెను: చదువుటకు పుస్తకము, మాటలాడుటకు మనుష్యులు. ఆల్డస్ ఆ రెండింటిని ఒకే కప్పు క్రిందికి చేర్చెను. జరిమానా సొమ్మును విందుకు మళ్ళించుట వలన శిక్షయే ఉత్సవమాయెను. బలవంతముచేత గాక ఆనందముచేత భాషను నిలుపు నేర్పు అది.

కష్టములు, అంత్యకాలము

1505లో ఆల్డస్ తన భాగస్వామియగు తొర్రెసాని కుమార్తె మరియాను వివాహమాడెను. 1508లో హాలండు పండితుడు ఎరాస్మస్ ఆ యింటనే యుండి, మూడువేలకు మించిన సామెతల గ్రంథమును సిద్ధము చేసెను. ఆయన ఒక మూల కూర్చుండి వ్రాయుచుండగా, సిరా ఆరకమునుపే కాగితములు కంపోజిటరు చేతికి పోవుచుండెను. మరియొక వంక ఆల్డస్ ప్రూఫులు చదువుచుండెను. పనికి ఆటంకము కలుగుచున్నందున, వచ్చినవారు తమ పనిని క్లుప్తముగా చెప్పి సెలవు తీసికొనవలెనని ఆయన వాకిట ఒక ప్రకటన కట్టించెనట.

1509లో యుద్ధము వచ్చిపడెను. ఫ్రాన్సు మొదలగు రాజ్యములు ఏకమై వెనిస్‌ను ఓడించెను. అచ్చుకూటము మూతపడెను. ఆల్డస్ కుటుంబముతో నగరము విడిచి పోవలసివచ్చెను. మూడేండ్లు అచ్చుయంత్రములు కదలలేదు. ఆ వయస్సున మరియొకరైనచో అంతటితో విశ్రమించెడివారు. ఆయన 1512లో తిరిగివచ్చి పని మొదలుపెట్టెను. మరుసటి యేడే ప్లేటో గ్రంథములన్నియు ముసూరస్ పరిష్కరణతో వెలువడెను.

1515 ఫిబ్రవరి 6వ తేదీన ఆల్డస్ మరణించెను. వెనిస్‌లోని సాన్ పతెర్నియన్ ఆలయమున ఆయన దేహమును ఉంచినప్పుడు, పుష్పములకు మారుగా ఆయన ముద్రించిన పుస్తకములను చుట్టును పేర్చిరి. ధనమును ఆయన మిగుల్చలేదు. ఆ పుస్తకములే ఆయన మిగిల్చిన ఆస్తి.

చుక్క తరువాతి చోటు

కుమారుడు పావులుస్ అచ్చుకూటమును నిలబెట్టెను. తాతపేరే గల మనుమడు చిన్న ఆల్డస్ అక్షరక్రమమును గూర్చి ఒక గ్రంథము రచించి, 1566 నాటి కూర్పున విరామచిహ్నముల నియమములను చేర్చెను. తాత చేతితో చేసి చూపినదానిని మనుమడు శాస్త్రముగా వ్రాసెనన్నమాట.

కాని చుక్క తరువాత ఎంత చోటు విడువవలెనను చర్చ మాత్రము ఆ వంశముతో ముగియలేదు. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లీషు ముద్రాపకులు వాక్యాంతమున పదముల నడుమ నుంచు ఎడముకంటె చాల పెద్ద ఎడమును విడిచెడివారు. ఫ్రెంచివారు రెండింటిని సమముగా నుంచిరి. టైపురైటరు వచ్చిన పిదప చుక్క తరువాత ఖాళీమీటను రెండుమారులు నొక్కవలెనని ఇంగ్లీషు దేశముల బడులలో నేర్పిరి. ఇరువదవ శతాబ్దమున ముద్రాపకులు క్రమముగా ఒకే ఎడమునకు మరలిరి. 2020లో మైక్రోసాఫ్టువారి వర్డ్ అను వ్రాతసాధనము రెండు ఎడములను తప్పుగా గుర్తించి గీత గీయసాగెను.

అమెరికా గణితశాస్త్రజ్ఞుడు డొనాల్డ్ కనూత్ 1978లో తొలిరూపమునకు తెచ్చిన టెక్ అను అచ్చుకూర్పు సాధనము మరియొక మార్గము పట్టినది. పంక్తిని సాగదీయవలసి వచ్చినప్పుడు అది వాక్యాంతపు ఎడమును తక్కినవాటికంటె ఎక్కువగా సాగదీయును. అట్లు వలదనువారికి ఫ్రెంచి ఎడమను పేరుతో ఒక ఆజ్ఞయు కలదు. అయితే ఏ చుక్క వాక్యాంతమునదో, ఏ చుక్క పొడి అక్షరము వెనుకదో యంత్రమునకెట్లు తెలియును? ఇంగ్లీషున పెద్దక్షరము వెనుక చుక్క యున్నచో అది పేరులోని పొడి అక్షరమని ఊహించును. మన లిపిలో పెద్దక్షరము, చిన్నక్షరము అను భేదమే లేదు. తెలుగు గ్రంథములను సేకరించి పరిష్కరింపజేసిన సి. పి. బ్రౌను పేరును తెలుగున కూర్చినచో, సి తరువాతి చుక్కను, పి తరువాతి చుక్కను గూడ ఆ యంత్రము వాక్యాంతములుగానే భావించును. తెలిసినవాడు దానికి వేరుగా చెప్పవలెను.

ఇందులో మన విద్యార్థులు గ్రహింపదగినది కలదు. ఇంగ్లీషు వాక్యము మొదలైనదని చెప్పుటకు పెద్దక్షరమున్నది. తెలుగు వాక్యమునకు ఆ సాక్షి లేదు. చుక్క, దాని తరువాతి చోటు, ఈ రెండే మనకు ఆధారములు. అవి లేనినాడు మన పుట మరల తాటియాకు వరుసయే యగును. తెలుగు బాగుగా వచ్చినవారు ఎట్లో చదువుకొందురు. కాని మన తరగతులలో ఇంటిభాష తెలుగైనను, వీధిలో వేరొక భాష వినుచు, బోర్డులపై వేరొక లిపి చూచుచు పెరుగుచున్న పిల్లలు ఎందరో కలరు. వారికి ప్రతి ఎడమును ఒక మెట్టు.

కనుక మేము ఎర్రసిరాతో దిద్దునది శూన్యమును గాదు. నీవు వ్రాసినదానిని చదువబోవు మరియొకని యెడ నీవు చూపవలసిన మర్యాదను దిద్దుచున్నాము. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. రాత్రి భోజనమునకు ముందు పిల్లలచేత ఒక్క పుట తెలుగు బిగ్గరగా చదివింపుడు. కామా వద్ద కొంచెము, చుక్క వద్ద నిండుగా ఆగుమని చెప్పుడు. ఆ కొద్ది సేపును ఇంటిల్లిపాదియు తెలుగే మాటలాడుడు. మరచినవారు డబ్బాలో ఒక రూపాయి వేయవలెను. పండుగనాటికి ఆ సొమ్ముతో మిఠాయి కొని పంచుకొనుడు. వెనిస్ పంతులు పెట్టిన నియమము మన యిండ్లలోను చక్కగా చెల్లును.